పీపా ఇంకా బుసకొడుతోంది

రాంగెల్ సైకిలు యాత్రకి బయల్దేరుతున్నాడని క్రుషోవ్‌దోల్‌లో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఎందుకంటే ప్రతి శరదృతువులోనూ బయల్దేరతాడు. పెరళ్ళలో ఎర్ర మిరపకాయలు కాలే వాసన మొదలైతే చాలు, రాంగెల్ షెడ్డులో తిరగేసిన డ్రమ్ము మీద మ్యాపు పరుచుకుంటుంది. ముగ్గురు మగవాళ్ళు దాని చుట్టూ చేరతారు. వేళ్ళు తిరిగి తిరిగి ఆ మ్యాపులో రొడోపి కొండల శిఖరాలు కొన్ని అరిగి చదునైపోయాయి, ఒక ఏరు పూర్తిగా ఎండిపోయింది. వేళ్ళతో తిరిగిన దూరం చక్రాలతో తిరిగుంటే ఈపాటికి చైనా వెళ్ళి, అక్కడ భోంచేసి, వెనక్కొచ్చేసేవాళ్ళు.

ఈ ఏడు సంగతి కాస్త ముదిరింది. సంచులు కుట్టించారు.

కుట్టించారు అంటే, వెలికా కుట్టింది. వెలికా రాంగెల్ భార్య. ఊరి పైన మిట్ట మీద లారీల టార్పాలిన్లు కుట్టే షాపులో ఆమెకి పని. ఏ పళ్ళ కంపెనీ లారీ మీదో ఎండకి వెలిసిపోయిన నీలం టార్పాలిన్ ఒకటి షాపులో మూలన పడుంటే అడిగి తెచ్చుకుంది. దాని మీద సగం పీచు పండు బొమ్మ మిగిలి ఉంది.

గురువారం సాయంత్రం షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని, మనోల్ సైకిలు చట్రం మధ్య ఖాళీకి వార్తాపత్రిక ఆనించి పెన్సిలుతో గీత గీస్తోంది. నోట్లో గుండుసూదులు. పక్కన డ్రమ్ము దగ్గర యాత్ర సాగుతోంది.

"ఖర్చా? ఖర్చేంట్రా!" అన్నాడు రాంగెల్. బస్సు నడిపే మనిషి. ఇంజను చప్పుడు మీద నుంచి కబుర్లు చెప్పీ చెప్పీ గొంతు గంటలా తయారైంది. "గుట్టకో ప్రార్థన గది ఉంది. తాళం ఉండదు. బల్లలుంటాయి, కొవ్వొత్తులుంటాయి. రాజుల్లా పడుకుంటాం."

"మీ గోడ మీది బొమ్మలు నన్ను పడుకోనిస్తాయా?" అన్నాడు షాబాన్. మసీదు వీధిలో ఉంటాడు, కొలిమి పని.

"నీ గురక వింటే ఆ బొమ్మలే లేచెళ్ళి బయట పడుకుంటాయిలే."

"మరి తిండి?" అన్నాడు మనోల్. పోస్ట్‌మ్యాన్. బతుకులో ఏ విషయమైనా మనోల్ ఈ వైపు నుంచే మొదలుపెడతాడు.

"దారి పొడుగునా నీళ్ళ ఊటలే. రొట్టె, ఎండు సాసేజి మన దగ్గరుంటాయి. పైన గొర్రెల మందలింకా దిగలేదు, చీజు కాపర్లిస్తారు. పుట్టగొడుగులు అడవి నిండా ఉన్నాయి."

"పుట్టగొడుగులొద్దురా. మీ మావయ్య గుర్తున్నాడుగా."

"మావయ్య పుట్టగొడుగులకి పోలేదు. వాటి మీద తాగినదానికి పోయాడు."

ముగ్గురూ నవ్వారు. రాంగెల్ వేలు తారు రోడ్డు వదిలి దుంగలు లాగే అడవి దారి పట్టింది. అక్కడ్నించి రాళ్ళ బాట, ఆపైన సరిహద్దు వెంబడి గట్టు. గట్టు చివర గోరుతో గుచ్చి గుచ్చి మ్యాపుకి చిల్లు పడిన చోట ఆగింది.

"ఇదిగో. ఇక్కడ." గొంతు తగ్గించాడు. ఇది చెప్పేటప్పుడు ఎప్పుడూ తగ్గిస్తాడు. "వేసవిలో వెళ్తే ఏమీ కనపడదు, అంతా ఆవిరి. చలికాలం మంచు. ఈ నెలలో, ఉత్తరపు గాలి వీచిన మర్నాడు మాత్రం గాలి కడిగిన గాజులా ఉంటుంది. గ్రీసు కొండలన్నీ అయిపోయాక, అటు చివర, కత్తి అంచులా మెరుస్తుంది తెల్ల సముద్రం. ఓడలు కూడా కనిపిస్తాయి. ఎంత బాగా కనిపిస్తాయంటే, ఓడ మీద వంటవాడు ఉల్లిపాయలు తరుగుతుంటే ఇక్కడ మన కళ్ళలో నీళ్ళొస్తాయి."

ఆ వంటవాణ్ణి వెలికాకి బాగా తెలుసు. పెళ్ళికి ముందు బస్సు స్టాండు బెంచీ మీద మొదటిసారి విన్నప్పుడు, నవ్వి నవ్వి ఆమెకి నిజంగానే కళ్ళలో నీళ్ళొచ్చాయి. "నిన్ను తీసికెళ్ళి చూపిస్తాగా" అన్నాడు రాంగెల్. ఆ మాట మీద ముప్పై ఏళ్ళు గడిచాయి. షాపులో ఆమె మెషీను కిటికీ పక్కన ఉంటుంది. కిటికీలోంచి గట్టు కనిపిస్తుంది. టార్పాలిన్ అంచు సూది కింద నడుస్తున్నప్పుడల్లా కళ్ళు దాని వెంట నడిచి, అంచు అయిపోయాక అలా గట్టు మీదికి ఎక్కేస్తాయి.

నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి జాకెట్టు మడతకి గుచ్చుకుంది.

"మరి నాది?" అంది.

ముగ్గురూ తిరిగి చూశారు.

"నీదేంటి?" అన్నాడు రాంగెల్.

"సంచి. నా సైకిలుకి."

నవ్వులో చెడ్డతనమేమీ లేదు. అదే బాధ. కుర్చీ నాకూ ఒకటి వెయ్యండి అని పిల్లి అడిగితే ఎలా నవ్వుతారో అలా నవ్వారు.

"నువ్వొస్తే పచ్చడి ఎవరు కలుపుతారే? అమ్మ ఒక్కతే అంత పెద్ద డేగిసా తిప్పగలదా? అయినా నీ సైకిలుకి సంచి కట్టడానికి చట్రమేదీ? గాడిద నడుంలా కిందికి వంగిపోయుంటే!"

"గాడిదలే కదరా కొండెక్కేవి," అన్నాడు షాబాన్, మెల్లగా. కానీ మ్యాపు వైపు చూస్తూ అన్నాడు.

వెలికా మళ్ళీ పత్రిక ఆనించి గీత పూర్తిచేసింది. ఆమె సైకిలు గోడకి చేరగిలి ఉంది, గౌను వేసుకుని ఎక్కేందుకు వీలైన ఆడవాళ్ళ సైకిలు. రోజూ దాని వెనక టార్పాలిన్ చుట్టలు కట్టుకుని ఆమె మిట్ట ఎక్కి షాపుకి వెళ్తుంది. ఆ మిట్ట ఎంత నిటారంటే, రాంగెల్ బస్సు కూడా అక్కడ ఓ క్షణం ఆగి శిలువ గీసుకుని ఎక్కుతుంది.

"నా సంచి మీద ఆ పండు బొమ్మ రానీకు," అన్నాడు రాంగెల్ వెనక నుంచి. "పళ్ళమ్ముకునేవాడు అనుకుంటారు."

మర్నాడు వెలికా షాపు నుంచి తొందరగా వచ్చి ఇంట్లో మెషీను ముందు కూర్చుంది. టార్పాలిన్ మామూలు గుడ్డలా కాదు, మొండిది. ముందు ఎండలో పరిచి మెత్తబరచాలి. దారానికి మైనం పట్టించాలి. సూది ఒకసారి తప్పు చోట గుచ్చితే ఆ చిల్లు పూడదు, అందులోంచే వాన కారుతుంది. అందుకని ఆమె ప్రతి మలుపు దగ్గరా సూది పక్కనున్న ఇనప పాదం పైకెత్తి, చక్రం చేత్తో తిప్పి, ఒక్కో కుట్టూ దింపుతుంది. మగవాళ్ళ సంచులు మూడూ రాత్రికి రాత్రే అయిపోయి షెడ్డుకి చేరాయి. ఇప్పుడు సూది కింద ఉన్నది వేరే ఆకారం. సన్నగా, వంకర తిరిగి, పుచ్చకాయ ముక్కలా ఉంది. దాని నిండా సగం పీచు పండు.

కిటికీ అవతల పెరట్లో అత్తగారు స్తోయ్నా కాల్చిన మిరపకాయల తొక్క వలుస్తోంది. ముసలమ్మ చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి, ఏదో హత్య చేసొచ్చినట్టు.

షెడ్డు వెనక ఏదో కదిలింది. వెలికా చూసింది.

రాంగెల్. సైకిలుకి తన సంచి కట్టి, అందులో ఇటుకలు పెట్టి బరువు చూసుకుంటున్నాడు. అటూ ఇటూ చూశాడు. కుడికాలు ఎత్తి సీటు మీదుగా తిప్పబోయాడు. కాలు సగం దాకా లేచి ఆగిపోయింది. దించాడు. కంచె గుంజ పట్టుకుని మళ్ళీ ఎత్తాడు. ఈసారి మడమ సీటుకి తగిలి, సైకిలు పక్కకి వాలి, దాంతో పాటు అతనూ గుంజని వాటేసుకున్నాడు. రెండు చేతులతో మోకాలు చుట్టూ పట్టుకుని, అలిగిన పిల్లవాణ్ణి బతిమాలినట్టు నిమిరాడు. తర్వాత ఇటుకలు ఒక్కొక్కటే తీసి, చప్పుడు కాకుండా గోడ పక్కన పేర్చాడు.

వెలికా తల దించుకుంది. మెషీను పెడలు గట్టిగా తొక్కి చప్పుడు చేసింది, తను పనిలో ఉన్నట్టు అతనికి వినబడేలా.

సాయంత్రం దీపాలు పెట్టకముందే రాంగెల్ టోపీ తీసి నుదురు తుడుచుకుంటూ వచ్చాడు. వెనకాల షాబాన్, మనోల్.

"అయిపోయింది," అన్నాడు. "సారా కాచే బట్టీ వంతు మనకి ఆదివారం పడింది. సరిగ్గా మనం బయల్దేరే రోజే పడాలా! ఏం చేస్తాం? వంతు వదులుకుంటే మళ్ళీ మంచు పడేదాకా రాదు. పొయ్యి వెలిగించాక మనిషి కదలకూడదాయె."

"పోనీలే, రాకియా లేకుండా చలికాలం ఎలా గడుస్తుంది?" అన్నాడు మనోల్, మొహం నిండా ఊరటతో. "వచ్చే ఏడు వెళ్దాం. సంచులెక్కడికి పోతాయి?"

"ఎక్కడికీ పోవు," అంది వెలికా.

వాళ్ళు వెళ్ళాక కొట్టుగదిలోకి వెళ్ళింది. పులియబెట్టిన ప్లమ్ పళ్ళ పీపా మూలన ఉంది. చెవి ఆనించింది. లోపల బుస్సుమని చప్పుడు, పెద్ద పాము చుట్ట చుట్టుకుని పడుకున్నట్టు. మూత ఎత్తింది. తొక్కలు పైకి తేలి అట్టకట్టి ఉన్నాయి. వేలితో నొక్కితే అట్ట కిందికి దిగి, మళ్ళీ పైకొచ్చింది. ఆ అట్ట మునిగేదాకా పళ్ళు పూర్తిగా పులిసినట్టు కాదు. ఇప్పుడు కాస్తే వచ్చేది రాకియా కాదు, పిల్లల దగ్గు మందు. క్రుషోవ్‌దోల్‌లో నడక రాని పిల్లాడికి కూడా తెలుసు ఈ సంగతి. బుసకొట్టే పీపాకి ఎవడూ వంతు అడగడు.

మూత పెట్టి, దాని మీద చెయ్యి ఆనించి, చాలాసేపు అక్కడే నిలబడింది.

శనివారం బట్టీకి కట్టెలు దింపి రావాలి, వంతు ఉన్నవాళ్ళే తెచ్చుకోవాలి కనక. వెలికా తోపుడు బండి తోసుకెళ్ళింది. బట్టీ కాపలా గోచో రాగి మూతని బూడిదతో తోముతున్నాడు. గోచో ముక్కు ఆ మూత కంటే ఎర్రగా మెరుస్తుంది. చీకట్లో దాని వెలుగులోనే ఇంటికెళ్తాడని చెప్పుకుంటారు.

"బాబాయ్, ఆదివారమే ఇచ్చావే. మా పళ్ళింకా అవలేదు," అంది కట్టెలు పేరుస్తూ.

"నేనివ్వడమేంటమ్మాయ్?" గోచో తోమడం ఆపాడు. "వచ్చే వారం తీసుకోరా అంటే వినడే! ఆదివారం స్పాస్ వంతు. వాణ్ణి బతిమాలి మార్పించుకున్నాడు మీ ఆయన. పోయినేడూ ఇంతే. అంతకు ముందూ ఇంతేగా? మీ ఇంటి రాకియా ఎప్పుడూ తియ్యగా ఉంటుందని ఊరంతా అనుకుంటారు, ఎందుకో నాకు తెలుసు గానీ నేనెందుకు చెప్తాను!"

చెప్పేశాక నాలుక్కరుచుకున్నాడు. వెలికా ఆఖరి కట్టె సరిగ్గా పెట్టి, చేతులు దులుపుకుంది.

ఇంటికొచ్చేసరికి గాలి మొదలైంది. ఉత్తరం నుంచి. దండెం మీది దుప్పట్లు బిగుసుకుని తెరచాపల్లా లేచాయి. స్తోయ్నా గిన్నె మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి, కోడలి వైపు చూసింది.

"ఆ వంకర సంచి ఎవరికే?"

"నాకే అత్తయ్యా."

"ఊఁ." ముసలమ్మ ఇంకో మిరపకాయ అందుకుంది. "వాడికి చెప్పావా?"

"తను నాకు చెప్పాడా? వంతు పడలేదట. తనే అడిగి వేయించుకున్నాడట. ఏటేటా." గరిటె అందుకుని డేగిసాలో గిర్రున తిప్పింది. "వెళ్ళే ఉద్దేశం లేకపోతే లేదనొచ్చుగా. ముప్పై ఏళ్ళ నుంచి ఆ సముద్రం, ఆ ఓడలు. చూసినవాడు ఇంకొకళ్ళకి చూపించడానికేం?"

"వాడెక్కడ చూశాడే?"

వెలికా చేతిలో గరిటె ఆగిపోయింది.

"సైన్యంలో ఆ గట్టు మీదే కాపలా వేశారు," అంది స్తోయ్నా, తొక్క వలవడం ఆపకుండా. "శీతాకాలమంతా ఉన్నాడు. ఒక్కరోజు కూడా పొగమంచు విడలేదట, వాడితో ఉన్న కుర్రాడే నాకు చెప్పాడు. చెయ్యి చాపితే చెయ్యి కనపడలేదట. ఇంటికొచ్చాక అడిగాను, సముద్రం చూశావా నాయనా అని. చూశానమ్మా అన్నాడు. ఓడల గురించి చెప్పాడు. వంటవాడు అప్పటికి లేడు, తర్వాత ఎక్కాడు ఓడ. ఎంత బాగా చెప్పాడంటే నాకు అప్పుడే తెలిసింది. నిజంగా చూసినవాడు అంత బాగా చెప్పలేడే పిచ్చిదానా."

గాలికి దుప్పటి ఒకటి ఊడి కంచెకి చుట్టుకుంది. ఇద్దరూ లేవలేదు.

వెలికాకి ముందు ఒళ్ళు మండింది. తర్వాత గుంజని వాటేసుకున్న మనిషి కళ్ళ ముందుకొచ్చాడు. కుర్రాడిగా మంచులో నిలబడి చూస్తూనే ఉన్నాడు, ఇన్నేళ్ళూ. ఎక్కలేనని తేలిపోయే దారి కంటే, రేపెప్పుడో ఎక్కే దారి మేలనుకున్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, నవ్వు చివర ముక్కు చీదాల్సి వచ్చింది.

"పచ్చడి?" అంది.

"నేను నిన్ను తెచ్చుకోకముందు ఈ ఇంట్లో పచ్చడి ఎవరు కలిపారనుకున్నావు, చర్చి పూజారిగారా? చేతులింకా పడిపోలేదు. నూనె ఎక్కడ పెట్టావో చెప్పి పో."

ఆదివారం పొద్దున్న ఆకాశానికి అంచు దొరకనంత నీలం. బట్టీ ఊరి చివర ఉంటుంది. తారు రోడ్డు అక్కడే అయిపోయి అడవి దారి మొదలవుతుంది. అందుకని వెలికాకి వేరే దారి లేదు, మగవాళ్ళ ముందు నుంచే వెళ్ళాలి.

పొయ్యి ఇంకా వెలిగించలేదు. రాంగెల్ రాగి మూత చుట్టూ ఆవిరి పోకుండా పిండి ముద్ద అద్దుతున్నాడు. మనోల్ సాసేజీలకి పుల్లలు చెక్కుతున్నాడు. షాబాన్ కట్టెల మీద కూర్చున్నాడు. స్తోయ్నా అప్పటికే వచ్చి, రాగి చెంబు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద ఉంది.

సైకిలు చప్పుడుకి అందరూ తిరిగారు. వంగిన చట్రానికి సరిగ్గా ఒదిగిపోయి సగం పీచు పండు. సీటు వెనక దుప్పటి చుట్ట. హ్యాండిలు మీద రొట్టె, కాల్చిన మిరపకాయల సీసా. వెలికా కాలు నేల మీద ఆనించి ఆగింది.

"ఎక్కడికే?" అన్నాడు రాంగెల్. అడిగాడే గానీ అతనికి తెలుసు. మొహం అంతా తెలిసినవాడి మొహమే.

"నిన్న గాలి వీచింది కదా," అంది.

"ఒక్కదానివా? ఎలుగుబంట్లుంటాయి!"

"ఉంటే మరీ మంచిది. దారి వాటినే అడుగుతాలే."

మనోల్ నవ్వబోయి మానేశాడు. రాంగెల్ పిండి చేతులు గాల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"బట్టీ రోజు ఇల్లాలు ఇలా వదిలేసి పోతే..." అన్నాడు.

వెలికా గొంతు పెంచలేదు.

"పీపా ఇంకా బుసకొడుతోంది, రాంగెల్."

గోచో గబగబా వెనక్కి తిరిగి, తోమిన గరాటునే మళ్ళీ తోమడం మొదలుపెట్టాడు. మనోల్ చేతిలో పుల్ల సన్నబడి సన్నబడి విరిగిపోయింది. షాబాన్ లేచాడు. వీపు మీది గొర్రెతోలు కోటు విప్పి, మడిచి, దుప్పటి చుట్ట మీద పెట్టి తాడు బిగించాడు.

"పైన చలి, వదినా. అడ్డదారి దగ్గర ప్రార్థన గదిలో పడుకో. కుడిచేతి మూల కారదు." తాడు ఇంకోసారి లాగి చూసి, "గురువారమే నీ వైపు చూసి అనాల్సింది నేను," అన్నాడు.

రాంగెల్ ఇంకా కదల్లేదు. అతని చూపు సంచి మీద ఉంది, కుట్టు వెంబడే మెల్లగా నడుస్తోంది. చివరికి వచ్చాడు. కొంచెం కుంటుతూ. దాచుకోకుండా. ముందు చక్రం దగ్గర వంగి బొటనవేలితో టైరు నొక్కాడు.

"ఇంత గాలేంటి? తారు రోడ్డు మీద పోతున్నావా? రాళ్ళ మీద ఎగిరెగిరి పడతావు." వాల్వు మూత తిప్పి, గోరుతో నొక్కాడు. గాలి బుస్సుమంది. మళ్ళీ నొక్కి చూశాడు. ఇంకాస్త వదిలాడు. వెనక చక్రానికీ అంతే. లేవడానికి పట్టు కావాలి. సంచి మీద చెయ్యి ఆనించి లేచాడు. పీచు పండు మధ్యలో తెల్లగా అయిదు వేళ్ళూ అంటుకున్నాయి.

"మొదటి వంతెన దాటాక ఎడమకి పోకు. దిగువకి దింపేస్తుంది. గట్టెక్కేటప్పుడు దిగి తోసుకో, సిగ్గుపడకు. అక్కడ ఎవరైనా తోసుకోవాల్సిందే." ఆమె వైపు చూడకుండా దూరంగా గట్టు వైపు చూశాడు. అది ఎంత స్పష్టంగా ఉందంటే, దాని మీది చెట్లని పేరుపెట్టి పిలవొచ్చు. "పొద్దున్నే గట్టు మీద నిలబడు. ఎండెక్కకముందే."

"నిలబడతా." వెలికా అతని మొహం చూసింది. "ఆ కళ్ళేంటి?"

"పొయ్యి పొగ."

"పొయ్యి వెలిగించలేదుగా. ఓడ మీద వంటవాడేమో అనుకున్నా."

రాంగెల్ పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఆ నోటికి మాట రాకపోవడం క్రుషోవ్‌దోల్‌లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

స్తోయ్నా బెంచీ మీంచి లేచి, చెంబులో నీళ్ళు చక్రం ముందు దారి మీద ధారగా పోసింది. "నీళ్ళలా సాగిపో తల్లీ," అంది. "నూనె దొరికిందిలే, పో."

వెలికా పెడల్ మీద కాలు వేసింది. తడి నేల మీద చక్రం సన్నని గీత గీసుకుంటూ దాటింది. తారు అయిపోయింది. మొదటి రాయి, రెండో రాయి, సైకిలు మెత్తగా లేచి దిగింది. గాలి సరిగ్గానే తీశాడు.

వెనక నుంచి కేక వినబడింది. బస్సు ఇంజను మీద నుంచి వినబడే గొంతు, కొండకి తగిలి రెండుసార్లు వచ్చింది.

"వెలికా! ఉన్నది ఉన్నట్టు వచ్చి చెప్పు! కలపడం నేను చూసుకుంటా!"

చెయ్యి ఊపడానికి వీల్లేదు, దారి నిండా రాళ్ళు, రెండు చేతులూ హ్యాండిలు మీదే ఉండాలి. అందుకని బొటనవేలు చాపి గంట కొట్టింది. మలుపు తిరిగి కనిపించకుండా పోయాక కూడా కొడుతూనే ఉంది.